వీడియో పాఠాలతో ఇంట్లోనే గ్రౌండ్‌వర్క్: కిట్‌లో ఏది కావాలి, ఎక్కడ తప్పుతోంది?

మొదటిజీను (చర్చ మొదలుపెట్టినవారు)

న్యాచురల్ హార్స్‌మన్‌షిప్ (గుర్రం స్వభావానికి తగ్గట్టు నేర్పే పద్ధతి) హోమ్ స్టడీ కోర్సు చేస్తున్నాను, మొదటి లెవెల్. ఇందులో పనంతా గ్రౌండ్‌వర్క్, అంటే ఎక్కకుండా నేల మీద నిలబడి నేర్పేది. గుర్రం ఏడేళ్ళ గెల్డింగ్ (విత్తులు తీసిన మగ గుర్రం). ఎక్కితే బాగానే నడుస్తుంది, నేల మీద ఉన్నప్పుడే మనిషి మీదికి వచ్చేస్తుంది. కోర్సువాళ్ళు చెప్పిన సామాను: రోప్ హాల్టర్ (తలకి తొడిగే తాడు పట్టీ), 12 అడుగుల తాడు, 22 అడుగుల తాడు, నాలుగడుగుల కర్ర, కర్రకి కట్టే ఆరడుగుల స్ట్రింగ్.

అడగదలుచుకున్నవి:

1. ఇవన్నీ ఒకేసారి కావాలా?
2. పోర్కుపైన్ గేమ్‌లో (వేళ్ళతో నొక్కితే జరగడం నేర్పే ఆట) ఛాతీ మీద వేళ్ళు పెట్టి వెనక్కి అడిగితే, వెళ్ళకపోగా నా చేతి మీదికే వాలుతోంది. వీడియోలో చూపించినట్టే చేస్తున్నాను.
3. యో-యోలో (తాడు ఊపి వెనక్కి పంపి, మళ్ళీ పిలిచే ఆట) వెనక్కి వెళ్తుంది కానీ వంకరగా. నడుము ఎప్పుడూ ఒకే పక్కకి పోతుంది.
4. సర్కిల్‌లో (తాడు మీద నా చుట్టూ తిప్పే ఆట) సగం చుట్టు తిరిగి ఆగి, నా వైపు తిరిగి నిలబడుతుంది.

పక్కన నిలబడి చూసి చెప్పే శిక్షకులు లేరు. వీడియోలు, ఫోను, గుర్రం, అంతే.

---

లాయంకాపరి

సామాను సంగతి ముందు తేల్చేద్దాం. మొదటి రెండు మూడు వారాలకి హాల్టర్, 12 అడుగుల తాడు, కర్ర చాలు. స్ట్రింగ్ ఆ తర్వాత. 22 అడుగులది సర్కిల్ మొదలయ్యాక.

హాల్టర్: 6 మి.మీ. తాడుతో అల్లినది తీసుకోండి. తాడు సన్నబడి బిరుసెక్కినకొద్దీ ముక్కు మీద కోసినట్టు పడుతుంది. ముక్కు పట్టీ మీద అదనంగా రెండో నాలుగో ముడులు వేసినవీ దొరుకుతాయి, వాటి జోలికి ఇప్పుడు పోవద్దు. మీ చేతిలో ఆలస్యం ఉన్నన్నాళ్ళూ ఆ ముడుల దెబ్బ తినేది గుర్రమే.

తొడిగేటప్పుడు మూడు చోట్ల చూడండి. ముక్కు పట్టీ గట్టి ఎముక మీద ఉండాలి. చెంప ఎముక గట్టు ఎక్కడ ముగుస్తుందో అక్కడి నుంచి రెండు వేళ్ళు కిందికి, అంతే. ఇంకా కిందికి జారితే మెత్తటి మృదులాస్థి మీద పడి ఊపిరికి అడ్డం వస్తుంది. గొంతు తాడు దవడ వెనక అంచుకి ఆనుకుని ఉండాలి. ముందుకి వచ్చి చెంప మీద కూర్చుంటే హాల్టర్ పెద్దదైనట్టు. గడ్డం కింది ముడి తాడు బరువుకి కాస్త వేలాడాలి.

ముడి వేయడంలో అందరూ తప్పేది ఒకే చోట. కొసని లూపులోంచి తీసి, లూపు చుట్టూనే తిప్పి, దాని కిందుగానే దూర్చి బిగించాలి. లూపుకి పైన, తాడు చుట్టూ వేస్తే జారి బిగుసుకుంటుంది, తర్వాత ఊడదీయడానికి పళ్ళు కావాలి. మిగిలిన కొస గుర్రం వెనక వైపు చూడాలి, కంటి వైపు కాదు.

ఇంకోటి, రోప్ హాల్టర్ తెగదు. తొడిగి మేతకి వదలొద్దు. వెనక కాలితో చెవి దగ్గర గోక్కునేటప్పుడు డెక్క అందులో ఇరుక్కుంటే మెడ విరిగే దాకా పోతుంది. దానితో గట్టి కొక్కానికి కట్టేసి వెళ్ళిపోవడమూ వద్దు. కట్టాల్సి వస్తే తోలు హాల్టర్, మూపుకి పైన ఎత్తులో కొక్కెం, ఒక లాగుకి ఊడే ముడి.

తాడు: 12 నుంచి 14 మి.మీ. మందం పాలిస్టర్, పడవలకి వాడే రకం, లోపల ఒక తాడు, దాని పైన అల్లిక తొడుగు. బరువుండాలి. చూపుడు వేలు అటూ ఇటూ ఊపితే అల గడ్డం దాకా పోవాలి, వేలు ఆపితే తాడు వెంటనే వేలాడిపోవాలి. తేలికపాటి నూలు తాడులో అల సగంలోనే చచ్చిపోతుంది, దాంతో మీరు చెయ్యంతా ఊపాల్సి వస్తుంది. నైలాన్ పగ్గం జారితే అరచేయి తోలు లేచిపోతుంది.

కొస దగ్గర పెద్ద ఇత్తడి స్నాప్ (హాల్టర్‌కి తగిలించే కొక్కెం) ఉంటే ప్రతి ఊపుకీ గడ్డానికి కొట్టుకుంటుంది. చిన్న స్నాప్ చూసుకోండి, లేదా తాడుని నేరుగా ముడేయండి.

చేతి తొడుగులు, మడమ ఉన్న బూట్లు, హెల్మెట్ జాబితాలో ఎందుకు లేవో తెలీదు. నేల మీద పని చేసేటప్పుడు కూడా హెల్మెట్ కావాలి. తాడుని చేతికి చుట్టుకోవద్దు, ఎనిమిది అంకెలాగా మడతలు పెట్టి అరచేతిలో పట్టుకోండి.

---

తెల్లచుక్క

కర్ర కోసం ఇంత హంగామానా? నారింజ రంగు గొట్టానికి "క్యారట్" అని పేరు పెట్టి అమ్మితే అది మంత్రదండం అయిపోదు. గుర్రానికి నీలం, పసుపు బాగా తెలుస్తాయి. నారింజ, పచ్చగడ్డి దానికి ఇంచుమించు ఒకటే. వెదురు బద్ద చాలు.

---

పగ్గం22

రంగు గురించి మీరన్నది నిజం తెల్లచుక్క గారూ, పేరు గురించీ నిజమే. వెదురు మాత్రం వద్దు. చీలితే పెచ్చు చర్మంలో దిగుతుంది. కంపెనీ పేరుతో పని లేదు, గుణాలు రెండు ఉంటే చాలు.

ఒకటి పొడవు. 120 సెం.మీ. ఉంటే మెడ దగ్గర నిలబడి, చెయ్యి చాచి, తొడ వెనక భాగాన్ని తాకగలం. అంతకన్నా పొట్టిదైతే తాకడానికి మనమే వెనక్కి జరగాలి, అలా జరిగితే తన్నే చోటికే వెళ్తాం.

రెండోది, ముఖ్యమైనది, బిరుసు. గుర్రాన్ని చుట్టూ తిప్పేటప్పుడు వాడే పొడవాటి కొరడా కొస మెత్తగా ఊగుతుంది. మన చెయ్యి ఆగిపోయాక కూడా కొస రెండు మూడు సార్లు ఊగుతూనే ఉంటుంది. గుర్రం లెక్కలో ఒత్తిడి ఇంకా ఆగలేదు. బిరుసైన ఫైబర్‌గ్లాస్ కడ్డీ అయితే చెయ్యి ఆగిన క్షణమే కొసా ఆగుతుంది. పది మి.మీ. కడ్డీకి రెండు కొసలా టేపు చుట్టి, పట్టుకునే చోట క్రికెట్ బ్యాటు గ్రిప్పు తొడిగినా పని జరుగుతుంది. టేపు ఊడితే ఆ పూట వాడకండి, ఫైబర్‌గ్లాస్ పొడి చేతికి దిగితే రెండు రోజులు దురద.

---

గిట్టచప్పుడు

రెండో ప్రశ్నకి అందరూ పాఠం చెప్పే ముందు ఒక మాట. వాలడం, వంకరగా వెనక్కి పోవడం, చుట్టు మధ్యలో ఆగడం: మూడూ నొప్పి లక్షణాలు కూడా కావచ్చు. నొప్పి ఉన్న గుర్రానికి ఈ ఆటలు నేర్పడం గుడ్డిగుర్రానికి పళ్ళు తోమడమే.

పది నిమిషాల పరీక్ష. వెన్నెముకకి మూడు వేళ్ళ దూరంలో, మూపు నుంచి నడుము దాకా, వేళ్ళ కొసలతో ఒకే ఒత్తిడితో నిదానంగా నొక్కుకుంటూ పోండి. ఒక్కచోట వీపు దిగిపోయినా, చెవులు వెనక్కి పడినా, తోక కొట్టినా ఆ చోటు గుర్తుపెట్టుకుని రెండో పక్క అదే చోట చూడండి. తర్వాత జీను పట్టీ బిగించే చోటు. తర్వాత గట్టి నేల మీద చిన్న వలయంలో రెండు వైపులా నడిపించండి. ఏ వైపు తిరిగినప్పుడు తల పైకి విసురుతుందో చూడండి. నడుము ఎప్పుడూ ఒకే పక్కకి పోతోందన్నారు, వెనక కాళ్ళలో ఒకటి బరువు మోయనంటోందేమో పశువైద్యులకి చూపించాలి.

డెక్కలు దిద్ది ఆరు నుంచి ఎనిమిది వారాలు దాటిందా? పళ్ళు ఏడాదిలో ఒకసారైనా చూపించారా? పదునెక్కిన పన్ను చెంప లోపల కోస్తుంటే, హాల్టర్ చెంపని నొక్కిన ప్రతిసారీ అది ఎదురు తోస్తుంది. మనం దానికి "మొండి" అని పేరు పెడతాం.

ఇంకో చిన్న సంగతి. గుర్రం కడుపులో ఆమ్లం ఆగకుండా ఊరుతూనే ఉంటుంది. ఖాళీ కడుపుతో పరుగు పెట్టిస్తే అది పై భాగానికి చిమ్ముతుంది. పాఠానికి ముందు నాలుగు గుప్పిళ్ళ ఎండుగడ్డి వేయండి. సగం చిరాకు దానితోనే పోతుంది.

---

కదంతొక్కు

గిట్టచప్పుడు గారు చెప్పింది అయ్యాకే ఇది.

మొదటిజీను గారూ, "వీడియోలో చూపించినట్టే చేస్తున్నాను" అన్నారు. హోమ్ స్టడీలో చిక్కంతా ఆ మాటలోనే ఉంది. వీడియోలో మీకు కనిపించేది ఒత్తిడి పెట్టడం: వేళ్ళు ఎక్కడ, ఎంత బలం, ఎన్ని అంచెలు. గుర్రానికి పాఠం చెప్పేది ఆ ఒత్తిడి కాదు, దాన్ని తీసేసిన క్షణం. ఆ క్షణం తెర మీద కనురెప్పపాటులో అయిపోతుంది, కళ్ళకి ఆనదు.

ఒత్తిడి తీసే క్షణంలో గుర్రం ఏం చేస్తోందో అదే "సరైన జవాబు" అని దాని బుర్రలో పడుతుంది. బరువు వెనక్కి జరిపినప్పుడు వదిలితే వెనక్కి జరగడం నేర్చుకుంటుంది. అర సెకను ఆలస్యమై, అది మళ్ళీ ముందుకి వాలాక వదిలితే, వాలడం నేర్చుకుంటుంది. మీ గుర్రం పాఠం వినట్లేదని నేననుకోవడం లేదు. మీ చెయ్యి చెప్తున్న పాఠం నేర్చుకుంటున్నట్టుంది.

తేల్చుకోవడానికి పద్ధతి:

ఫోనుని స్టాండు మీద, ఛాతీ ఎత్తులో, పక్క నుంచి, గుర్రం డెక్కలూ మీ చెయ్యీ రెండూ కనిపించేలా పెట్టండి. ఎదురుగా పెడితే బరువు జరగడం తెలీదు. సెకనుకి 30 ఫ్రేముల మామూలు వీడియో చాలు. పోర్కుపైన్ పదిసార్లు చెయ్యండి. తర్వాత ఒక్కో ఫ్రేమూ జరుపుకుంటూ రెండు చోట్లు గుర్తించండి: ఛాతీ కండరం వెనక్కి కదిలిన మొదటి ఫ్రేము, మీ వేళ్ళు చర్మాన్ని వదిలిన మొదటి ఫ్రేము. మధ్యలో ఎన్ని ఫ్రేములో రాసుకోండి. 15 అంటే అర సెకను. నా లెక్కలో పది దాటితే చెయ్యి నిదానమే.

డెక్క లేచేదాకా ఆగకండి. డెక్క లేవడానికి ముందు మోకాలు బిగుసు తగ్గుతుంది, అంతకుముందు ఛాతీ వెనక్కి ఊగుతుంది. మొదటి రోజుల్లో ఆ ఊగుకే వదిలేయాలి. అడుగు రేపు అడుగుతాం.

చెయ్యి వేగం గుర్రం మీద సాధన చేయొద్దు. ఇంట్లో ఎవరినైనా పిలిచి, కళ్ళు మూసుకోమని, తాడు కొస రెండు చేతులా పట్టుకోమనండి. మీరు తాడు బిగించి ఒక అడుగు అడగండి. వాళ్ళ బరువు కదిలినట్టు మీకు తెలియగానే వదలండి. వాళ్ళు "కదలాలనుకున్నాను, అప్పుడు కాదు తర్వాతెప్పుడో వదిలావు" అంటే నమ్మండి. గుర్రానికి ఆ మాట అనడం రాదు కాబట్టి కరుస్తుంది. రోజుకి ఐదు నిమిషాలు, వారం.

---

మొదటిజీను

పశువైద్యులు చూశారు. వీపులో ఏమీ లేదు. పళ్ళలో ఎడమ పక్క రెండు పదునెక్కాయి, దిద్దించాం. నడుము పక్కకి పోవడం కాలి నొప్పి వల్ల కాదన్నారు.

ఫ్రేములు లెక్కపెట్టాను. పది ప్రయత్నాల్లో: 22, 31, 27, 19, 35, 24, 28, 30, 21, 26. ఏడింటిలో నా వేళ్ళు లేచే సమయానికి గుర్రం అప్పటికే మళ్ళీ ముందుకి వాలి ఉంది.

---

కదంతొక్కు

ఏడుసార్లు వాలడానికి బహుమతి ఇచ్చారన్నమాట. లెక్క చాలా నిజాయితీగా ఉంది, చాలామంది ఇది రాయరు.

---

లాయంకాపరి

ఇక ఛాతీ దగ్గర పని అంచెలవారీగా.

గుర్రానికి ఎదురుగా నిలబడకండి. సరిగ్గా నుదుటి ముందు దానికి గుడ్డి చోటు, మీరు కనబడరు, పైగా ముందుకి దూకితే మీ మీదే. ఎడమ భుజం పక్కన, దాని తోక వైపు ముఖం పెట్టి నిలబడండి. ఎడమ చేతిలో తాడు, గడ్డం నుంచి ఒక జానెడు సడలి వేలాడాలి. కుడి చేతి వేళ్ళు ఛాతీ మధ్యలో కాకుండా, మెడ భుజాన్ని కలిసే చోట ఉండే గుంటలో పెట్టండి.

ఈ ఆటల్ని రూపొందించిన ప్యాట్ పరెల్లి పాఠాల్లో చెప్పే నాలుగు అంచెలు: వెంట్రుక, చర్మం, కండ, ఎముక. వెంట్రుకలు వంగేంత, చర్మం జరిగేంత, కండ దిగేంత, ఎముక తగిలేంత. ఒక్కో అంచెకి మూడు సెకన్లు లెక్కపెట్టుకోండి. పొడవకూడదు, తగ్గించకూడదు, నెట్టి వదిలి నెట్టి వదిలి చేయకూడదు. అది ఎదురు వాలితే మీరు కండ దగ్గరే ఆగి, అంతే బలంతో ఉండండి. వాలిందని బలం తగ్గిస్తే అదీ వదలడమే. బరువు కాస్త వెనక్కి పోగానే వేళ్ళు పూర్తిగా తీసి, ఒక అరచేయి దూరం జరిపి, పది సెకన్లు ఊరుకోండి.

ఆ పది సెకన్లు ఎవరూ ఆగరు. వెంటనే రెండోసారి అడుగుతారు. అలా చేస్తే మొదటిసారి వదిలిన వదులు దానికి అందనే అందదు.

అది మీ చేతి మీదికి మొత్తం ఒళ్ళు మోపితే బలంతో పోటీ పెట్టుకోకండి. 450 కిలోల జంతువుతో ఆ పోటీలో గెలిచేది లేదు. వేళ్ళ కణుపులు మడిచి పిడికిలి వైపు తిప్పండి, అదే బలం చిన్న చోట పడుతుంది. అప్పటికీ వాలితే తాడుని అదనంగా వెనక్కి చిన్నగా కదపండి. ఛాతీ నుంచి ఒక ప్రశ్న, ముక్కు నుంచి ఇంకో ప్రశ్న వేర్వేరుగా వేయకండి, రెండూ వెనక్కే చెప్పాలి.

ఒక పూటకి ఎడమ వైపు ఐదు, కుడి వైపు ఐదు. చాలు.

---

తెల్లచుక్క

నాకు ఒకటి అర్థం కాదు. ఒత్తిడి పెట్టు, సరిగ్గా చేస్తే తియ్యి. ఇది ఎవరైనా చేసేదే కదా, "న్యాచురల్" అని ఎందుకు? పైగా ఏడు ఆటలని పేరు, దానిమీద గుర్రాల స్వభావానికి ఎడమ మెదడు, కుడి మెదడు అని చార్టు.

---

పగ్గం22

సగం ఒప్పుకుంటాను.

పేరుకి ముందు పని ఉంది. అమెరికా పడమటి పశువుల కాపరుల్లో బిల్ డోరెన్స్ (1906–1999), టామ్ డోరెన్స్ (1910–2003) అన్నదమ్ములు. వాళ్ళ దగ్గర నేర్చుకున్న రే హంట్ (1929–2009) ఊళ్ళు తిరిగి శిక్షణ క్లినిక్‌లు పెట్టారు. ప్యాట్ పరెల్లి ఆ పనిని ఏడు ఆటలుగా, లెవెల్స్‌గా విడగొట్టి ఇంట్లో నేర్చుకునే కిట్‌గా చేశారు: ఫ్రెండ్లీ, పోర్కుపైన్, డ్రైవింగ్, యో-యో, సర్క్లింగ్, సైడ్‌వేస్, స్క్వీజ్. ఇంటి నుంచి నేర్చుకునేవాళ్ళకి ఆ విడగొట్టడం నిజంగా ఉపయోగం. ఈ రోజు ఏం పని, రేపు ఏం పని అని తెలుస్తుంది.

పేర్ల సంగతికొస్తే, అడవి గుర్రాల మందలో లాగా మన గుర్రం మనల్ని నాయకుడిగా అనుకుంటుంది లాంటి వివరణలకి పెద్ద ఆధారం లేదు. ప్రవర్తన శాస్త్రం ప్రకారం ఇది ఒత్తిడి తీసేసి అలవాటు నేర్పడం, భయపడే వస్తువుకి అలవాటు చేయడం. 2007లో ఏర్పడిన ఇంటర్నేషనల్ సొసైటీ ఫర్ ఈక్విటేషన్ సైన్స్ (గుర్రపు స్వారీ శాస్త్ర సంఘం) శిక్షణ సూత్రాల్లో ఒకటి మనకి నేరుగా పనికొస్తుంది: ఒక్కో జవాబుకి స్పష్టంగా వేరుగా తెలిసే సంజ్ఞ ఉండాలి. వెనక్కి అడగడానికి తాడు ఊపుతూ, పక్కకి పంపడానికీ అదే ఊపుతుంటే గుర్రం ఊహించాల్సి వస్తుంది.

ఎడమ మెదడు, కుడి మెదడు చార్టుని మెదడు శాస్త్రం అనుకోకండి. ఈ పూట ఇది బెదిరి ఉందా, విసుగెత్తి ఉందా అని చూడటానికి వాడుకోండి. బెదిరితే పని చిన్నది చెయ్యి, విసుగెత్తితే మార్చు.

అలాగే గుర్రం పెదవులు నాకడం, ఉత్త నోరు నమలడం. "అర్థమైంది అంటోంది" అని వీడియోల్లో చెప్తారు. బిగుసుకున్న ఒళ్ళు సడలేటప్పుడు వచ్చేది అది. అంటే అంతకు ముందు బిగుసుకుంది. పాఠం మొత్తంలో పదిసార్లు నమిలితే సంబరపడకుండా, పదిసార్లు ఎందుకు బిగుసుకుందో చూసుకోండి.

---

గిట్టచప్పుడు

ఫ్రెండ్లీ గేమ్ (తాడు, కర్ర తాకినా బెదరకుండా అలవాటు చేసే ఆట) గురించి ఎవరూ ఎత్తలేదు. స్ట్రింగ్ వీపు మీదికి వేస్తూ ఉంటాం కదా. గుర్రం జరిగిందని భయపడి ఆపేస్తే, జరిగితే తాడు ఆగుతుందని నేర్పినట్టు. అది జరుగుతుంటే మీరూ దానితో నడుస్తూ, అదే లయలో, మెత్తగా వేస్తూనే ఉండి, కాళ్ళు ఆగాక ఆపండి. మరీ బెదిరితే ముందే చాలా గట్టిగా మొదలుపెట్టారని. స్ట్రింగ్ నేల మీద ఊపే దగ్గరి నుంచి మళ్ళీ రండి.

కదలకుండా రాయిలా నిలబడి, రెప్ప వేయక, మూతి బిగించి ఉంటే అలవాటు పడినట్టు కాదు, ఆశ వదులుకున్నట్టు. రెండూ దూరం నుంచి ఒకేలా ఉంటాయి. ముక్కు పుటాలు, కింది పెదవి చూడండి.

---

కదంతొక్కు

యో-యో వంకర గురించి. అంచెలు వేలు, మణికట్టు, మోచెయ్యి, మొత్తం చెయ్యి. ఎక్కువమంది మణికట్టు దాటగానే చెయ్యిని ఒక పక్కకే ఎక్కువ ఊపుతారు. కుడిచేతివాళ్ళ ఊపు కుడికి బలంగా పోతుంది, గుర్రం ముక్కు దాని ప్రకారం తిరుగుతుంది. ముక్కు ఒక పక్కకి తిరిగితే నడుము రెండో పక్కకి పోవాల్సిందే. మీ బొడ్డు, దాని నుదురు, దాని తోక ఒకే గీతలో ఉండాలి. ఊపు రెండు వైపులా సమానంగా ఉండాలి.

పరిష్కారం తేలిక. ఒక కంచె పక్కన చెయ్యండి. నడుము ఎటు పోతుందో అటు పక్క కంచె ఉండాలి, గుర్రానికీ కంచెకీ మధ్య ఒక మీటరు. నడుము కంచె వైపు పోగానే ఆగి, ముక్కుని అదే కంచె వైపు ఒక జానెడు తిప్పండి. నడుము వెనక్కి సరిపడుతుంది. రెండడుగులు తిన్నగా రాగానే వదిలేయండి. పదడుగులు వంకరగా తీసుకోవడం కన్నా రెండే మేలు.

వెనక్కి పంపాక ముందుకి పిలవడం మర్చిపోకండి. తాడుని చేతుల మీదుగా దువ్వినట్టు లాక్కోండి, బలంగా ఈడ్వకండి. పంపడమే తప్ప పిలవడం లేకపోతే కొన్నాళ్ళకి గుర్రం మనిషిని చూడగానే వెనక్కి నడుస్తుంది.

---

పగ్గం22

సర్కిల్. మొదటిజీను గారూ, ఏ తాడుతో చేస్తున్నారు?

---

మొదటిజీను

12 అడుగులదే.

---

పగ్గం22

అదే సగం కారణం. 12 అడుగుల్లో మీ చేతిలో ఒక మీటరు పోతే మిగిలేది రెండున్నర మీటర్లు పైచిలుకు. అంటే వలయం అడ్డంగా ఐదు, ఐదున్నర మీటర్లు. అంత చిన్న చుట్టులో గుర్రం ముక్కు లోపలికి వంగే ఉంటుంది, వంగిన గుర్రానికి ఆగి మీ వైపు తిరగడం తేలిక. కీళ్ళకీ మంచిది కాదు. 12 అడుగులతో నడక మాత్రమే. ట్రాట్‌కి (నడక కన్నా వేగమైన చిన్న పరుగుకి) 22 అడుగులది, దాదాపు 11, 12 మీటర్ల వలయం వస్తుంది. 45 అడుగులది చెయ్యి కుదిరాకే, చిక్కుపడితే కాళ్ళకి చుట్టుకుంటుంది.

మిగతా సగం: పంపేటప్పుడు మూడు పనులు వరసగా జరగాలి. ముందు చెయ్యి ఎత్తి దిక్కు చూపండి. తర్వాత కర్ర ఎత్తండి, భుజానికీ మెడకీ మధ్య గాలిలో. కదలకపోతే స్ట్రింగ్ నేల మీద కొట్టండి. గుర్రం బయలుదేరిన క్షణాన కర్ర నేలకి దించేయండి. చాలామంది చెయ్యి, కర్ర ఒకేసారి ఎత్తి, గుర్రం నడుస్తున్నా కర్ర దించరు. నడిచినా ఒత్తిడి తగ్గట్లేదు కాబట్టి అది ఆగి చూస్తుంది.

రెండు నుంచి నాలుగు చుట్లు, ఆ తర్వాత మీరే పిలవాలి. దానంతట అది ఆగే దాకా తిప్పితే ఆగడం దాని నిర్ణయం అవుతుంది. ఇప్పుడు సగం చుట్టుకి ఆగుతోంది కాబట్టి, మొదటి రోజు పావు చుట్టు దగ్గరే పిలిచేయండి. రేపు సగం. ఎల్లుండి ముప్పావు.

పంపాక మీరు కదలకుండా నిలబడి, తాడుని వీపు వెనక నుంచి చేతులు మార్చుకోండి.

---

లాయంకాపరి

చివరి మాట ఒప్పుకోను. మొదటి నెల వాళ్ళు వీపు వెనక తాడు మార్చకూడదు. గుర్రం కనిపించదు, అది ఒక్కసారి బయటికి గుంజితే నడుము చుట్టూ తాడు. దానితోపాటే తిరగండి, బొడ్డు దాని భుజం వెనక చోటుకి చూపిస్తూ.

---

పగ్గం22

అలా తిరిగితే చూపు, బొడ్డు దాన్ని తోస్తూనే ఉంటాయి, బాధ్యత దానిమీద వదిలినట్టు కాదు. కానీ కొత్తవాళ్ళకి భద్రత ముందు, ఒప్పుకుంటాను. తిరగండి కానీ భుజాలు సడలించి, చూపు నేల మీద పెట్టండి.

---

గిట్టచప్పుడు

కోర్సు మధ్యలో రౌండ్ పెన్‌లో (గుండ్రటి కంచె ఆవరణలో) తాడు లేకుండా చేయించే పాఠం వస్తుంది. అడ్డంగా 15 నుంచి 18 మీటర్లు ఉన్న పెన్ కావాలి. తాడు మీద పైవన్నీ కుదరకుండా దానికి పోవద్దు. ఉరికించి అలిసిపోయాక మన దగ్గరికి వస్తే, నమ్మి వచ్చిందో గత్యంతరం లేక వచ్చిందో కొత్త కంటికి తేడా తెలీదు. చెమట కారే దాకా తిప్పాల్సి వస్తే పాఠం తప్పింది. విశ్రాంతిలో నిమిషానికి 8 నుంచి 16 ఊపిరులు ఉంటాయి. డొక్క ఎగరడం లెక్కపెట్టండి, పని ఆపాక మళ్ళీ అక్కడికి దిగే దాకా ఇంకోటి అడగవద్దు.

పూటకి పదిహేను, ఇరవై నిమిషాలు. వారానికి నాలుగు రోజులు. మంచి జవాబు వచ్చిన చోట హాల్టర్ తీసేయండి, పన్నెండో నిమిషమైనా సరే.

---

మొదటిజీను

మూడు వారాల లెక్క. పోర్కుపైన్ ఎడమ వైపు ఫ్రేములు: 9, 11, 8, 7, 10. వాలడం దాదాపు ఆగింది. యో-యో కంచె పక్కన తిన్నగా నాలుగడుగులు. సర్కిల్ 22 అడుగుల తాడుతో ఒకటిన్నర చుట్టు.

కుడి వైపు మాత్రం: 19, 24, 22, 18, 25. ఆ వైపు ఇంకా వాలుతోంది. ఎడమ నేర్చుకుంది కదా, కుడి ఎందుకు రావట్లేదు?

---

కదంతొక్కు

ఒక వైపు నేర్చుకున్నది రెండో వైపుకి చాలాసార్లు దానంతట అదే రాదు, రెండు వైపులా విడిగా నేర్పాలి. కానీ మీ అంకెలు చూస్తే ఇక్కడ ఆలస్యం గుర్రానిది కాదు. కుడి వైపు నిలబడినప్పుడు తాడు కుడి చేతికి, వేళ్ళ పని ఎడమ చేతికి మారుతుంది. మీ ఎడమ చెయ్యి వదలడం రాకుండా ఉంది.

వారం రోజులు కుడి వైపు గుర్రాన్ని అడగకండి. కళ్ళు మూసుకున్న మనిషితో ఎడమ చేతి వేళ్ళతో చెయ్యండి, భుజం మీద నొక్కి. తర్వాత గుర్రం దగ్గర కుడి వైపు మూడే మూడు సార్లు, వెంట్రుక, చర్మం అంచెల్లోనే. ఫోను ఈసారి కుడి పక్క పెట్టండి, లేకపోతే మీ వీపే రికార్డవుతుంది.